మంత్రిగారి ఫ్యాక్టరీకి బయటి మనిషి

పరిశ్రమల మంత్రిగారు నిండు సభలో గుండె మీద చెయ్యి వేసుకుని ప్రకటించారు: “కుటుంబ వ్యాపారాలు కుటుంబాల వల్లే మునిగిపోతున్నాయి. మార్పు మా ఇంటి నుంచే మొదలవుతుంది. మా బకెట్ల ఫ్యాక్టరీని బయటి మనిషి చేతిలో పెడుతున్నాను!”

హాలు చప్పట్లతో మార్మోగింది. ఆ బయటి మనిషి ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. పెద్ద కంపెనీలో నిక్షేపంలాంటి మేనేజరు ఉద్యోగం వదులుకుని వచ్చినవాడు. వద్దని భార్య మొత్తుకున్నా వినలేదు. ఇక్కడ నెగ్గకపోతే పాత కంపెనీ వాళ్లు మళ్లీ గడప తొక్కనివ్వరని అతనికి తెలుసు.

ఫ్యాక్టరీలో అడుగుపెట్టగానే సంగతి బోధపడింది. కొనుగోళ్లు మంత్రిగారి బావమరిదివి. ఆయన కొన్న హ్యాండిళ్లు నీళ్లు నిండేదాకా బకెట్‌ని బుద్ధిగా అంటిపెట్టుకుని ఉండి, ఎత్తగానే ఊడొస్తాయి. అమ్మకాలు పెద్దకొడుకు చూస్తాడు, నిద్ర లేచిన రోజున. యంత్రాలు తమ్ముడుగారు చూస్తారు. చూడటమే, ముట్టుకోరు.

మేనేజరు బితుకుబితుకుమంటూ మంత్రిగారి దగ్గరికి వెళ్లాడు.

“సార్, ముగ్గుర్ని తీసేయాలి. ముగ్గురూ మీవాళ్లే.”

“తీసెయ్! ఆఫీసులో నాకు చుట్టాలెవరయ్యా?”

“మరి అమ్మగారు...”

“ఆవిడతో నా తిప్పలేవో నేను పడతాలే. నువ్వు వెనకాడకు.”

దేశంలో ఇంతటి త్యాగం ఇంకెవరు చేస్తారు? మేనేజరు ఆ రోజే ముగ్గుర్నీ సాగనంపాడు. మర్నాడు పేపరు తెరిస్తే, బావమరిది గృహనిర్మాణ సంస్థకి ఛైర్మన్! వారం తిరక్కుండానే పెద్దకొడుకు బస్సుల కార్పొరేషన్‌కి, తమ్ముడు కరెంటు బోర్డుకి ఛైర్మన్లయ్యారు. ఎవరి పొట్టా కొట్టని మంత్రిగారి మంచి మనసుకి మేనేజరు మురిసిపోయాడు.

ఏడాదిలో ఫ్యాక్టరీ లాభాల్లో పడింది. బకెట్లు నీళ్లు మోయడం మొదలుపెట్టాయి. అటు బస్సులు ఆగిపోయాయి, కరెంటు పోయింది, ప్రభుత్వం కట్టిన ఇళ్ల తలుపులు తీయబోయినవాళ్ల చేతుల్లోకి వచ్చేశాయి. జనం రోడ్డెక్కారు. ప్రతిపక్షం అసెంబ్లీని సాగనివ్వలేదు.

మంత్రిగారు మేనేజర్‌ని పిలిపించి భుజం తట్టారు. “నాకు దారి చూపించింది నువ్వేనయ్యా. ముగ్గురి చేతా రాజీనామా చేయించేశాను. ప్రభుత్వంలో ఇక నా చుట్టం ఒక్కడు కూడా లేడు.”

మేనేజరు కళ్లు చెమర్చాయి. “మరి వాళ్లిప్పుడు ఏం చేస్తారు సార్?”

“ఫ్యాక్టరీ చూసుకుంటారు. లాభాల్లో ఉందిగా.”

“వాళ్లని నేను తీసేశాను కదా సార్!”

“తీసేశావు, కాదనను. ఎంతైనా అది కుటుంబ వ్యాపారం. బయటివాళ్లని ఎన్నాళ్లని ఇబ్బంది పెడతాం, నువ్వే చెప్పు?”

మేనేజరు పడుతూ లేస్తూ ఫ్యాక్టరీకి వచ్చిపడ్డాడు. తన గదిలో, తన కుర్చీలో కూర్చుని, దాని ఎత్తు సరిచేసుకుంటున్న బావమరిది తలెత్తి ఆప్యాయంగా నవ్వాడు.

“రండి రండి. ఎవరి కోసమండీ?”