ఎర్రగట్టుపల్లెలో పరోటా దహనం

పరోటా మాస్టర్లారా, మీ పాపం పండింది. ఈ పడమటి మండలాల్లో ఎవరి మోకాలు వాచినా, ఎవరి నడుం వంగినా, ఎవరి కడుపు ఉబ్బినా దానికి బాధ్యులు మీరే. మైదాపిండిని బండమీద చావబాది, నూనెలో పొర్లించి, అమాయక ప్రజల పేగుల్లోకి గోధుమ జిగురైన గ్లూటెన్ అనే శత్రువును పంపించారు. మిమ్మల్ని చరిత్ర క్షమించదు.

ఈ సంగతి కనిపెట్టినవారు వెంకటకృష్ణగారు. పార్టీ నియోజకవర్గ నాయకులు, పేగు పరిరక్షణ ఉద్యమ వ్యవస్థాపక అధ్యక్షులు. ఆయనకు గోధుమ పడదని హైదరాబాదు డాక్టరు పరీక్షలు చేసి మరీ చెప్పాడు. నిజమే, కొంతమందికి పడదు. మానేశాక ఆయన కడుపుబ్బరం తగ్గింది. మామూలు మనిషైతే అక్కడితో ఊరుకుంటాడు. నాయకుడెలా ఊరుకుంటాడు? తనకు పడనిది ప్రజలకు మాత్రం ఎలా పడుతుంది? అందుకని కొమరోలు అవతలున్న ఎర్రగట్టుపల్లెను గ్లూటెన్ రహిత గ్రామంగా ప్రకటిస్తానని గిద్దలూరులో ప్రెస్‌మీట్ పెట్టారు. ఆ ఊళ్ళో కీళ్ళనొప్పులు ఎక్కువ కాబట్టి ఆ అదృష్టం ఆ ఊరికే దక్కింది.

వార్త విని ఆ ఊరి రాఘవమ్మ సంబరపడింది. పెద్దమనుషులు వస్తే నీళ్ళ సంగతి అడగొచ్చు. గొర్రెల వెంట తిరిగిన ఆమె కాళ్ళు ఇప్పుడు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. పోతే పోయాయి, తన వయసైపోయింది. బడికి పోయే మనవరాలు ప్రసన్న కూడా ఈమధ్య కాళ్ళు లాగుతున్నాయంటోంది. ఊరి బోరుకు అధికారులు ఎర్రరంగు కొట్టి, ఇందులో ఫ్లోరైడ్ ఉంది, తాగొద్దని చెప్పి పోయారు. మరి ఏ నీళ్ళు తాగాలో చెప్పడం మరిచిపోయారు. పక్క ఊరినుంచి ఎవరైనా బిందెడు తెచ్చిపెట్టిన రోజు ప్రసన్న మంచినీళ్ళు తాగుతుంది. తేని రోజు ఎర్రబోరే.

ముందుగా సర్వే జరిగింది. నాయకుడి పీఏ శ్యాంసన్ వచ్చి రాఘవమ్మ వంటింట్లోకి తొంగిచూశాడు.

"అవ్వా, గోధుమపిండి యాడ పెట్టినావు?"

"గోధుమపిండి యాడిది నాయనా? మేం తినేది సజ్జరొట్టె, కొర్రన్నం, రేషన్ బియ్యం."

"మైదా? రవ్వ?"

"మా పెద్దోడు పుట్టినప్పుడు ఆస్పత్రిలో బ్రెడ్డు తిన్నా. గోధుమ సంగతి పోనీ, నీళ్ళ సంగతి ఏంది?"

"అది వేరే డిపార్ట్‌మెంట్ అవ్వా."

ఊరంతా గాలించినా గ్లూటెన్ దొరకలేదు. శ్యాంసన్ కంగారుపడి ఫోన్ చేశాడు. "సార్, ఊళ్ళో అసలు గ్లూటెనే లేదు. దేన్ని నిర్మూలిస్తాం?"

వెంకటకృష్ణగారు క్షణం కూడా తడబడలేదు. "లేకపోతే తెప్పించు. ప్రజలకు శత్రువును చూపించకుండా ఉద్యమం ఎట్ల నడపాల?" అన్నారు.

శ్యాంసన్ గిద్దలూరు బస్టాండు పక్కనున్న ముస్తాక్ అహ్మద్ పరోటా దుకాణానికి పోయి పెద్ద ఆర్డరే ఇచ్చాడు.

"పేపర్లో మమ్మల్నే తిట్టి, మళ్ళీ మాకే ఆర్డరా భాయ్?" అన్నాడు ముస్తాక్.

"తిట్టింది సిద్ధాంతం అన్నా. ఆర్డరు కార్యక్రమం."

"నంజుకునేదానికి సేర్వా ఎంత కట్టమంటావు?"

"తగలబెట్టేదానికి సేర్వా ఎందుకు?"

"తగలబెట్టుకో, నీ ఇష్టం. సేర్వా లేకుండా పంపితే నా దుకాణం పేరేం గాను?" అని బకెట్టు నిండా పోసి ఆటో ఎక్కించాడు ముస్తాక్.

సభరోజు బడి ముందర షామియానా వేశారు. వెంకటకృష్ణగారు ఇన్‌ఫ్లమేషన్ అనే ఒంటి వాపు గురించి చక్కగా వివరించారు. పసుపు, అల్లం, మజ్జిగ, నడక చాలు, మాత్రలు అక్కర్లేదన్నారు. రాఘవమ్మ కర్ర పట్టుకుని లేచింది.

"అయ్యా, మేం పుట్టినకాడి నుంచి తినేది నువ్వు చెప్పిన తిండే. అయినా కాళ్ళు పోయినాయి. మాకు నీళ్ళు ఇప్పించు. మంచినీళ్ళకు ఎండలో పక్కూరికి పోతాండారు మా ఊరి ఆడోళ్ళు."

"రోజూ పోతాండారా?"

"రోజూ."

వెంకటకృష్ణగారి ముఖం వికసించింది. "చూశారా? నడక. ఊళ్ళోకే పైపు వేస్తే ఈ ఆరోగ్యం ఏం గావాల? ఆలోచించుకో అమ్మా." అందరూ చప్పట్లు కొట్టారు. శ్యాంసన్ మొదలుపెట్టాడు కాబట్టి కొట్టారు.

తర్వాత దహనకాండ. పరోటా పొట్లాలు తెచ్చి మంటలో వేయమన్నారు. జనం క్రమశిక్షణగా వరసలో వచ్చి వేశారు. మంట ఎత్తుగా లేచింది, ఫొటోలు బాగా వచ్చాయి. మంటలో పడ్డది ఉత్త కాగితాలని, సేర్వా బకెట్టు చుట్టూ మూగిన పిల్లల మూతులు చూస్తే తెలిసేది. నాయకుడి దృష్టి కెమెరా మీద ఉంది. గ్రామం గ్లూటెన్ నుంచి విముక్తి పొందిందని ప్రకటించారు.

ఇక మిగిలింది పేగులకు చికిత్స. రాఘవమ్మ ఇంటినుంచి పులిసిన సజ్జ అంబలి తెచ్చారు. మజ్జిగ, ఉల్లిపాయ వేసి గ్లాసులో పోసిచ్చారు. వెంకటకృష్ణగారు కెమెరాల ముందు గటగటా తాగి, ఇంకో గ్లాసు అడిగి తాగారు.

"ఇదే అసలైన ప్రోబయోటిక్. ఏమేం వేసినావమ్మా దీంట్లో?"

"సజ్జపిండి, ఉప్పు, మజ్జిగ, నీళ్ళు."

"ఏ నీళ్ళు?"

"ఊళ్ళో ఏముండాయి నాయనా? బోరు నీళ్ళే."

వెంకటకృష్ణగారు గ్లాసు శ్యాంసన్ చేతికిచ్చి గబగబా కారు వెనక్కి నడిచారు. అక్కడ గొంతులో వేలు పెట్టుకుని కక్కిన చప్పుడు వినిపించింది. శ్యాంసన్ కారులోంచి ఒకదాని తర్వాత ఒకటి సీలు వేసిన నీళ్ళ సీసాలు అందిస్తుంటే ఆయన పుక్కిలించి ఉమ్మారు. ఇది కూడా ప్రకృతి చికిత్సలో భాగమేనని శ్యాంసన్ విలేకర్లకు చెప్పాడు. కొందరు అలాగే రాసుకున్నారు.

డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. రాఘవమ్మ కర్ర పక్కన పడేసి, బంపరు పట్టుకుని మెల్లగా, పళ్ళు బిగబట్టి, కారు ముందు నేలమీద కూలబడింది.

"లెయ్ అవ్వా, సారుకు టైమైతాంది" అన్నాడు శ్యాంసన్.

"కూచుంటే లేచే కాళ్ళు కావు నాయనా ఇవి. ఆ మిగిలిన సీసాలు దించి మా ప్రసన్నకు ఇయ్యి. ట్యాంకరుకు ఇప్పుడే, నా ముందరే ఫోన్ చెయ్యి. పైపు ఎప్పుడేస్తారో ఆ ట్యాంకరు వచ్చినాక మాట్లాడుకుందాం."