స్నానాలగదిలో దీర్ఘకాలిక మదుపరి

మిత్రులారా, నేను కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తానని మీకు తెలుసు. ఇరవై ఏళ్లుగా ఊరందరి దూరపు చూపు సరిచేసీ చేసీ, నాకు దూరదృష్టి మెండుగా ఉందన్న నమ్మకం కుదిరింది. ఇప్పుడు దాన్ని నమ్మకం అంటున్నాను. అప్పుడు జ్ఞానం అనుకున్నాను.

ఆ జ్ఞానంతోనే, సొంత ఇంటి కోసం నేనూ మా ఆవిడా కూడబెట్టినదంతా షేర్లలో పెట్టాం. పదేళ్లదాకా ముట్టుకోకూడదని నా సిద్ధాంతం. దుకాణానికి ఎవరొచ్చినా దాన్ని వినిపించేవాణ్ణి. అక్షరాలు చదవమని కుర్చీలో కూర్చోబెట్టాక మనిషి ఎక్కడికీ పారిపోలేడు కదా!

మా ఆవిడ బడిలో డ్రిల్లు టీచరు. మూడు వందల మంది పిల్లల్ని ఒక్క ఈలతో కదలకుండా నిలబెడుతుంది. ఇంట్లో ఈల వాడదు. ఇంతవరకు అవసరం రాలేదు.

ఒక ఆదివారం ఆవిడను కూర్చోబెట్టి చెప్పాను.

"ఇదిగో విను. మార్కెట్ పడిందంటే జనానికి బుర్ర పనిచెయ్యదు. హడావుడిగా అమ్ముకుని తర్వాత ఏడుస్తారు."

"మీరు అమ్మరుగా?"

"నేనా? నేను కొండని! అయినా ముందుజాగ్రత్త మంచిది. ఖాతా పాస్‌వర్డ్ నువ్వు మార్చేసి నీ దగ్గరే పెట్టుకో. ఫోన్ నంబరు కూడా నీదే ఇద్దాం. నేను కాళ్లావేళ్లా పడ్డా చెప్పకు."

"రాసివ్వండి."

రాసిచ్చాను. 'పూర్తి స్పృహతో' అని చేర్చి మరీ సంతకం పెట్టాను. నిజం చెప్పాలంటే, నా నిగ్రహం ఎంత గొప్పదో ఆవిడ కళ్లారా చూడాలని వేసిన ఎత్తు అది.

రెండు నెలలు తిరక్కుండానే సంక్షోభం వచ్చిపడింది. ఎక్కడో ఒక పెద్ద బ్యాంకు మూతపడింది. దాని వెనకే ఫ్యాక్టరీలు. మా వీధిలో రెండు దుకాణాలకు తాళాలు పడ్డాయి. జనం కొత్త అద్దాలు మానేసి, పాత ఫ్రేములకే స్క్రూలు బిగించుకుని పోతున్నారు. వచ్చే నెల నుంచి సగం జీతమేనని మా యజమాని గోడకేసి చూస్తూ చెప్పాడు.

మొదటి రోజు చిరునవ్వు నవ్వాను. రెండో రోజూ నవ్వాను గానీ, అది చూసి ఒకాయన "పన్ను నొప్పా?" అని అడిగాడు.

మూడో రోజు బావమరిది ఫోన్ చేశాడు. వాడికి మేం పెట్టుకున్న పేరు సైరన్. ఎక్కడ ఏ ఉపద్రవం వచ్చినా ముందు మోగేది వాడే.

"బావా, ఇంకా అమ్మలేదా? నేను మొన్ననే అమ్మేసి బయటపడ్డా. ఇంకా సగానికి పడుతుందట!"

"నేను దీర్ఘకాలిక మదుపరినిరా."

"ఎంత దీర్ఘకాలం బావా? నీకిప్పటికే యాభై!"

దాంతో కొండకు కాళ్లొచ్చాయి.

ఆ సాయంత్రమే అడిగాను. "పాస్‌వర్డ్ ఒకసారి చెప్దూ. ఊరికే చూస్తాను."

ఆవిడ నేను రాసిచ్చిన కాగితం చూపించింది.

"చూడ్డానికీ అమ్మడానికీ తేడా లేదూ?"

"మా పిల్లలూ ఇదే అంటారు. 'కదల్లేదు టీచర్, ఊరికే అటు చూశా' అని."

నాలుగో రోజు గుండె పట్టుకుని కూర్చున్నాను. "ఛాతీ బరువుగా ఉందోయ్. ఖాతా ఒక్కసారి చూస్తే తేలికవుతుందేమో."

"ఖాతా ఎప్పుడో తేలికైంది. మీరు మంచినీళ్లు తాగండి."

ఐదో రోజు స్నానాలగదిలో దూరి, కొళాయి తిప్పి, షేర్ల కంపెనీకి ఫోన్ చేశాను. తియ్యటి గొంతుతో ఒక అమ్మాయి పలికింది. పాస్‌వర్డ్ మర్చిపోయాననీ, ఉన్నవన్నీ అమ్మేస్తాననీ చెప్పాను.

"పాస్‌వర్డ్ మర్చిపోయినా ఫర్వాలేదు సార్. మీరేనని రుజువుకి ఒక్క ప్రశ్న. మీ భార్య పుట్టినతేదీ?"

ఇంత తేలికా! ఠక్కున చెప్పాను.

"కాదు సార్."

నెల మార్చాను.

"కాదు సార్."

తారీఖు మార్చాను. గొంతులో తీపి తగ్గింది. "లైన్లో ఉండండి. ఖాతాలో ఉన్న నంబరుకి చేసి కనుక్కుంటాం."

హాల్లో మా ఆవిడ ఫోన్ మోగింది. నేను కొళాయి కట్టేసి తలుపుకు చెవి ఆనించాను.

"అవునండీ, ఆయన భార్యనే... మూడుసార్లూ తప్పే చెప్పాడా? అయ్యో, ఎవడో దొంగ అయ్యుంటాడు. నా పుట్టినరోజు మావారికి తెలియకపోవడమేంటి?... అన్నీ అమ్మేస్తానన్నాడా? అయితే అనుమానమే లేదు, మావారు కాదు. ఆయన కొండలాంటి మనిషి. ఊఁ, ఖాతాకు తాళం వేసెయ్యండి."

కాసేపటికి నా చెవిలో ఆ అమ్మాయి, "నీ నంబరు నమోదు చేసుకున్నాం," అంది. 'సార్' ఎగిరిపోయింది.

మెల్లగా బయటికొచ్చాను.

"ఏమండీ, ఎవడో దొంగ మన ఖాతాలో దూరబోయాడట. స్నానమైందా?"

"అయింది."

"ఒళ్లు తడవకుండానే?"

నేను వెళ్లి కూర్చున్నాను. ఆవిడ నవ్వలేదు. పక్కన కూర్చుంది.

"నాకూ భయంగానే ఉందండీ. బళ్లో ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోతున్నాను. నా జీతంతో ఎలాగో నెట్టుకొద్దాం. షేర్లను మాత్రం కదపొద్దు."

సరేనన్నాను. అనక చేసేదేముంది?

ఏడాదిన్నర పట్టింది. ధరలు కుంటుకుంటూ లేచి, పాత చోటు దాటి పైకెళ్లాయి. సైరన్ అమ్మినవాటినే ఎక్కువ పెట్టి మళ్లీ కొనుక్కున్నాడు. మీరందరూ నా నిబ్బరాన్ని మెచ్చుకుంటుంటే నేనూ గంభీరంగా తలూపాను. ఒప్పుకుంటున్నాను.

పోయిన వారం తాళం తీయించడానికి ఇద్దరం కంపెనీకి వెళ్లాం. గుమాస్తా పాత ఫారం ఒకటి తీశాడు. ఆ గొడవ జరిగిన మర్నాడే మా ఆవిడ వచ్చి నింపి ఇచ్చిందట. చదివాడు. నన్ను చూశాడు. మళ్లీ చదివాడు.

"సార్, ఇది వాస్తవమేనని మీరు ఇక్కడ సంతకం చెయ్యాలి."

'తాళం వెయ్యడానికి కారణం' అన్న చోట ఆవిడ గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది:

'ఖాతాదారు బారి నుంచి కాపాడటానికి.'

మా ఆవిడ పెన్ను మూత తీసి నా చేతిలో పెట్టింది. చేశాను.