ఊరు కట్టే సాఫ్ట్‌వేరూ, వానలో నిలబడ్డ ముగ్గురూ

ఊరు కట్టడానికేముందండీ, ఎవరైనా కడతారు. ఊరు కట్టే సాఫ్ట్‌వేర్‌ని ఎంచుకోవడం, అదీ పని! మనిషికి దొరికిన సుఖాల్లో దీన్ని మించింది ఇంకోటి లేదని ఇక్కడ రుజువు చేయబోతున్నాను. సాక్ష్యానికి ఒక కళ్ళద్దాల షాపాయన ఉన్నాడు. ఆ సుఖం ఆయనకి నాలుగు నెలలుగా ఎడతెరిపి లేకుండా అందుతోంది.

ముందు ఆయన ఆదివారాల సంగతి చెప్పాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన ఇంట్లో బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఆయన కథ చెబుతాడు. మిగతా ముగ్గురూ ఆ కథలో మనుషులు. ఆయన భార్య బళ్ళో లెక్కల టీచరు, కథలో దొంగ. బామ్మర్ది బస్సు డ్రైవరు, కథలో గద తిప్పే వస్తాదు. భార్య స్నేహితురాలు ఆస్పత్రిలో నర్సు, కథలో విలుకత్తె. ఎవరేం చేస్తారో వాళ్ళే చెబుతారు. అది కుదిరిందో లేదో పాచిక చెబుతుంది. పెద్దవాళ్ళు ఆడే ఆటేనా ఇది అంటారా? టీవీ ముందు కూర్చుని వార్తలు చదివేవాణ్ణి తిట్టుకోవడం మాత్రం పెద్దవాళ్ళు ఆడే ఆటా?

కథ జరగాలంటే ఊరు కావాలి. ఊరికి మ్యాప్ కావాలి. మొదట్లో ఆయన అచ్చేసిన మ్యాప్ ఒకటి తెచ్చి బల్ల మీద పరిచాడు. ఒక ఆదివారం బామ్మర్ది ఆ ఊరి వంతెన తగలబెట్టాడు. మరుసటి ఆదివారం నర్సు ఆ వంతెన మీదుగానే నడిచి ఏరు దాటింది.

"అది కాలిపోయిందమ్మా," అన్నాడు కళ్ళద్దాలాయన.

"కాలిపోతే ఇక్కడెందుకుంది అన్నయ్యా? ఇదిగో, కమ్మీలతో సహా కనిపిస్తుంటేనూ!"

"అంటే నేను కాల్చింది ఉత్తుత్తికేనా బావా?" అని బామ్మర్ది లేచి నిలబడ్డాడు.

ఆ పూట కథ ఒక్క అడుగు కదల్లేదు. వంతెన ఉన్నట్టా లేనట్టా అన్నదానికే చీకటి పడింది. ఇక మీదట ఇల్లు కాలితే చెరిపేలా, గోడ కూలితే పడగొట్టేలా, ఎప్పుడంటే అప్పుడు మార్చుకోగలిగే మ్యాపే వాడాలని కళ్ళద్దాలాయన తీర్మానించాడు. అన్యాయమైన కోరికా? కాదే!

వంతెన పోయాక కథలో ముగ్గురూ ఆ ఊరు వదిలేశారు. అడవి దాటుతుంటే విలుకత్తె భుజంలో విషపు బాణం దిగింది. వాన మొదలైంది. ఎదురుగా కొత్త ఊరు, అందులో వైద్యుడు. "ఊరి తలుపులు కిర్రుమంటూ తెరుచుకుంటున్నాయి... మిగతాది వచ్చే ఆదివారం!" అని కళ్ళద్దాలాయన కథ ఆపాడు. లోపలి ఊరికి మంచి సాఫ్ట్‌వేర్ చూసుకొస్తానని లాప్‌టాప్ తెరిచాడు. అరగంట పని అన్నాడు.

మీరు ఆయన్ని చపలచిత్తుడు అనుకునే ప్రమాదం ఉంది. షాపులో చూడాలి ఆయన్ని! కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు ఒక అద్దం వేసి "ఇది బాగుందా?" అంటాడు. తీసి ఇంకోటి వేసి "ఇది బాగుందా?" అంటాడు. మనం తడబడి "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అంటే, "అయితే అయిపోయింది, లేవండి. అదే మీ పవరు" అంటాడు. రెండు అద్దాలకీ తేడా తెలియని చోట వెతుకులాట ఆపెయ్యాలన్నది ఆయన వృత్తిధర్మం. ఆ కుర్చీలో కూర్చున్నవాడు బయట పెట్టొచ్చిన టీ ఎప్పుడూ చల్లారలేదు.

అలాంటి మనిషికి సాఫ్ట్‌వేర్ ఎంత మేలు చేసిందో చూడండి.

మొదటిది ఊరిని ఒక్క నొక్కుతో కట్టి ఇచ్చింది. వీధులు, ఇళ్ళు, కోటగోడ, అన్నీ! పొరపాటున ఇంకోసారి నొక్కాడు. ఇంకో ఊరు వచ్చింది. పాత ఊరు ఏమైందంటే దానికీ తెలియదు. రెండోదాంట్లో చెట్టు చెట్టుకీ నీడ ఉంది, ఆ నీడ పొద్దుని బట్టి జరుగుతుంది. ఇళ్ళకి మాత్రం తలుపుల్లేవు. మూడోది లోపలికి రానివ్వాలంటే పాస్‌వర్డ్ అడిగింది. అందులో ఒక అంకె ఉండాలంది, ఒక గుర్తు ఉండాలంది, పాతది పనికిరాదంది. ఏ కోటకి ఇంత కాపలా ఉంది చెప్పండి? ఇంకోటి అన్నీ చేస్తుంది, చేసింది దాచుకోనివ్వదు. ఇంకోటి దాచుకోనిస్తుంది, దాచాక మార్చనివ్వదు. మ్యాప్ మార్చాలనే కదా మహాప్రభో వచ్చింది!

ఏది మేలో తేల్చాలంటే పోలిక న్యాయంగా ఉండాలి. అందుకని కళ్ళద్దాలాయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా ముందుగా ఊరి మధ్యలో ఒక బావి గీస్తాడు. అదే బావి, అదే కొలత, అదే గట్టు. బావి ఎలా వచ్చిందో చూసి, ముందటి బావితో పోల్చి, ఇంకా మంచి బావి ఎక్కడైనా వస్తుందేమోనని తరవాతి సాఫ్ట్‌వేర్‌కి వెళతాడు. ఈ నాలుగు నెలల్లో ఆయన తవ్వినన్ని బావులు ఏ ప్రభుత్వమూ తవ్వలేదు. ఒక్క బావి దగ్గరా ఒక్క ఇల్లు లేవలేదు. అయితే మాత్రం నష్టమేముంది? ఆ ఊళ్ళలో మురుక్కాలవ పొంగిందా? కరెంటు పోయిందా? పక్కింటివాడు గోడ జరిపాడా? జనం లేని ఊరంత ప్రశాంతమైన ఊరు ఇంకెక్కడుంది?

ఇక ఈ వెతుకులాటలో పరిచయమయ్యే పెద్దమనుషులు! వీడియోల్లో ఒకాయన గంటసేపు సాఫ్ట్‌వేర్లన్నీ పోల్చి చూపించి, చివర్లో "మీ అవసరాన్ని బట్టి మీరే ఎంచుకోండి" అన్నాడు. కళ్ళద్దాలాయన ఆ వీడియో రెండుసార్లు చూశాడు. నెట్‌లో సలహాలిచ్చే చోట ఆయన ఒక ప్రశ్న పెడితే, "ముందు ఊరంటే మీ ఉద్దేశమేమిటి?" అని ఒకరు ఎదురు ప్రశ్న వేశారు. దాని మీద ఇద్దరు కొట్టుకున్నారు. మూడోవాడు వచ్చి, పాత వెర్షనే బాగుండేదని కన్నీళ్ళు పెట్టుకుని పోయాడు. ఇంత సత్కాలక్షేపం ఇంట్లో కూర్చున్నవాడికి ఇంకెలా దొరుకుతుంది?

ఆదివారాలు మాత్రం ఆగలేదు. ముగ్గురూ వచ్చేవారు. బల్ల మధ్యలో లాప్‌టాప్ ఉండేది. ముగ్గురూ బావి చూసేవారు.

"గట్టు కాస్త నున్నగా వచ్చింది కదూ?" అనేవాడు కళ్ళద్దాలాయన.

"పోయినవారం బావే నయమండీ. అందులో నీళ్ళైనా కనిపించాయి," అనేది భార్య.

"నేనింకా వానలోనే ఉన్నాను అన్నయ్యా, కాస్త చూసుకోండి," అనేది నర్సు. "రోజంతా ఊళ్ళోవాళ్ళ గాయాలకి కట్లు కడతాను. నా భుజంలో బాణం తీసే దిక్కు లేదు."

"మా గద తుప్పు పట్టింది బావా," అనేవాడు బామ్మర్ది.

ఇలా సాగుతున్న సుఖానికి నర్సు అడ్డం వచ్చింది. ఆమెకి బదిలీ అయింది. వేరే ఊరి ఆస్పత్రి, ఇక్కడికి ఒక రాత్రి ప్రయాణం. వచ్చే ఆదివారం సామాను సర్దుకోవాలి, కాబట్టి ఇదే చివరి ఆదివారం. ఆ మాట చెప్పి, ఆమె తన ఇరవై ముఖాల పాచిక బల్ల మీద పెట్టింది.

"ఊరు మారడం నాకు కొత్త కాదు. ఆ విలుకత్తె పిల్ల బతికిందో చచ్చిందో తేలకుండా మాత్రం నేను బస్సెక్కను అన్నయ్యా."

కళ్ళద్దాలాయన నొచ్చుకున్నాడు. మనిషి రాయి కాదు కదా! ఆయన అప్పటికే ఒక సాఫ్ట్‌వేర్ ఖాయం చేశాడు కూడా. ఈసారి నిజంగానే ఖాయం. తెరిచాడు. అది అప్‌డేట్ మొదలుపెట్టింది. పూర్తయ్యేదాకా యంత్రాన్ని కదిలించొద్దని తెర మీద రాసింది.

నలుగురూ తెర వంక చూస్తూ కూర్చున్నారు. తెర మీది గీత చీమలా పాకుతోంది.

ఉన్నట్టుండి నర్సు చెయ్యి చాచి ఉప్పుసీసా అందుకుంది. బల్ల మధ్యలో పెట్టింది. "ఇది వైద్యుడి ఇల్లు."

బామ్మర్దికి ఇలాంటివి ఇంకోరు చెప్పక్కర్లేదు. గ్లాసులు రెండు ఎదురెదురుగా బోర్లించి, "ఇదిగో ఊరి తలుపులు," అన్నాడు. భార్య టీవీ రిమోట్ పడుకోబెట్టి దాన్ని ఏరు చేసింది. ఏటి మీద కళ్ళజోడు పెట్టె అడ్డంగా పెట్టి వంతెన చేసింది.

"కాలిస్తే తీసెయ్యొచ్చు," అంది తమ్ముడి వంక చూసి.

"అదేమిటి, కొలతల్లేవు, దిక్కుల్లేవు," అన్నాడు కళ్ళద్దాలాయన. "వైద్యుడి ఇల్లు కోటగోడ కన్నా ఎత్తుంది."

"బాగా సంపాదించి ఉంటాడు బావా!"

నర్సు నవ్వలేదు. కుర్చీ ఆయన వైపు జరుపుకుని, లాప్‌టాప్‌కి వేలు చూపించింది.

"ఇటు చూడండి అన్నయ్యా. ఇది బాగుందా?" వేలు ఉప్పుసీసా మీదికి తిప్పింది. "ఇది బాగుందా?"

ఆయన తెర చూశాడు. సీసా చూశాడు. మళ్ళీ తెర చూశాడు. ఆ గొంతు, ఆ వరస ఎక్కడివో ఆయనకి తెలుసు. ఎన్నేళ్ళుగా ఎంతమందిని అలా అడిగాడో!

"రెండూ..." అన్నాడు. "రెండూ ఒకేలా ఉన్నాయమ్మా."

"అయితే అయిపోయింది, లేవండి," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

ఆయన లేవలేదు. గొంతు సవరించుకున్నాడు. ఊరి తలుపులు తెరుచుకున్నాయి. వానలో తడిసిన ముగ్గురూ లోపలికి వచ్చారు. దొంగ, వస్తాదు చెరో వైపూ పట్టుకుని విలుకత్తెని వంతెన దాటించారు. ఉప్పుసీసా దగ్గర ముసలి వైద్యుడు దీపం పట్టుకుని బయటికి వచ్చాడు. కళ్ళద్దాలాయన ఆ ముసలి గొంతుతోనే మాట్లాడాడు.

"గాయం పాతదే! ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా?"

"ఇక్కడే ఉన్నానండీ," అంది నర్సు. "ఊరే లేదు."

నాలుగు నెలల తరవాత ఆ బల్ల దగ్గర నలుగురూ కలిసి నవ్వారు. ఆ నవ్వులోనే ఆమె పాచిక విసిరింది. పది దాటితే బతుకుతుంది. పాచిక దొర్లి, ఉప్పుసీసాకి తగిలి, అటో పుస్తకం ఇటో పుస్తకం పెట్టి ఎత్తుగా నిలబెట్టిన లాప్‌టాప్ కిందికి పోయింది.

కదిలించొద్దని తెర చెబుతూనే ఉంది. గీత సగం దాటింది. నర్సు పాచిక పోయిన వైపు కాక కళ్ళద్దాలాయన వైపు చూస్తోంది.

ఆయన లాప్‌టాప్ రెండు చేతులా ఎత్తి కిటికీ గట్టు మీద పెట్టాడు.

పదమూడు.

ఇంకా నా మాట మీదే ఉన్నాను. ఊరు కట్టే సాఫ్ట్‌వేర్‌ని తొందరపడి తీసుకోకండి. నలుగుర్ని అడిగి, బాగా ఆలోచించి మంచిదే ఎంచుకోండి. ఒక్కటి మాత్రం చూసుకోండి. బల్ల మీంచి ఎత్తి పక్కన పెట్టేటప్పుడు తేలిగ్గా ఉండాలి.