మంగతాయారు గారి గుర్తుగా

గురువారం పొద్దున్నే ఉప్మా కలుపుతూ బుచ్చిబాబు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఉప్పల్ వెళ్ళాలి, స్టీలు గ్లాసులు కొనాలి, వాటి మీద పెళ్ళాం పేరు కొట్టించాలి. మొత్తం రెండు గంటల పని. లోకంలో కొంపలు ముంచిన పనులన్నీ మొదట రెండు గంటల పనులే.

ఆ ఉప్మా వరసగా తొమ్మిదో రోజుది. సర్కారు ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషికి వంటింట్లో అదొక్కటే చేతనవును, అదీ ఉండలు కట్టకుండా కాదు. వండాల్సిన మనిషి, అంటే ఆయన భార్య మంగతాయారు, తొమ్మిది రోజులుగా పొయ్యి ముట్టలేదు, నోరు విప్పలేదు, ఫోను తెరవలేదు. ఏం చెప్పదల్చుకున్నా చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటిస్తోంది. ఆ రోజు చీటీలో ఇలా ఉంది: "ఆదివారం పదింటికి ఛానల్ తీసేస్తున్నాను. అడ్డు రావద్దు."

ఛానల్ పేరు "మంగతాయారు మూకుడు". ఆరేళ్ళ కష్టం. నాచారంలో ఆ రెండు గదుల ఫ్లాటులో, ఫోనుని పప్పుడబ్బాకి ఆనించి పెట్టి, నాలుగువందల పన్నెండు వంటలు చేసి చూపించింది. నలభై వేలమంది చూస్తారు. వాళ్ళలో "నాచారం అభిమాని" అనే దొంగపేరుతో ప్రతి వీడియో కిందా అందరికంటే ముందు చప్పట్లు కొట్టేది బుచ్చిబాబే. ఆ సంగతి ఆవిడకి తెలియదని ఆయన నమ్మకం.

చిచ్చు పచ్చిపులుసు దగ్గర రేగింది. తణుకు దగ్గర పుట్టిన మంగతాయారు ఒక వీడియోలో, "బెల్లం వెయ్యని పులుసు పులుసా అండీ? చింతపండు కడిగిన నీళ్ళు!" అంది. దమ్మాయిగూడలో సత్తమ్మకీ ఒక వంటల ఛానల్ ఉంది. ఇద్దరూ ప్రాణస్నేహితులు. ఈవిడ వదినా అంటే ఆవిడ వదినె అంటుంది. సత్తమ్మ ఊరుకుంటుందా? "బెల్లమేస్తె గది పులుసు గాదు వదినె, పానకం!" అని తన వీడియోలో నవ్వుతూ అంటించింది. వదినల సరసం, వాళ్ళిద్దరైతే అక్కడితో నవ్వుకుని ఊరుకునేవాళ్ళే. కానీ పనీపాటా లేని జనం కింద కామెంట్లలో కాపురం పెట్టారు. రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్ళయినా ఆ రెండు గిన్నెల మధ్య మళ్ళీ విడిపోయింది. ఎవరి తరఫున ఎవరు తిట్టారో తెలియకుండానే వదినలిద్దరూ మాటలు మానేశారు.

అంతటితో పోయినా బాగుండేది. సత్తమ్మ అభిమానులు, ఆవిడని మాటమాత్రమైనా అడక్కుండా, మంగతాయారు ముఖం అచ్చేసి కింద "పానకం ఆంటీ" అని రాసి టీషర్టులు తీశారు. ఉప్పల్ కూరగాయల మార్కెట్లో ఒకడు ఆ చొక్కాతో ఎదురుపడి, "ఆంటీ, సెల్ఫీ!" అన్నాడు. ఆవిడ వంకాయలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచీ ఈ మౌనం.

బుచ్చిబాబు లెక్క సూటిగా ఉంది. గుడ్డ మీద అవమానం చేశారు గనక స్టీలు మీద సన్మానం చెయ్యాలి. టీషర్టు ఆర్నెల్లకి ఇల్లు తుడిచే గుడ్డవుతుంది, స్టీలు గ్లాసులో మనవలు నీళ్ళు తాగుతారు. ఆదివారం తొమ్మిదింటికి అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఓ డజనుమంది ఇరుగుపొరుగుని పోగేసి, గ్లాసులు పంచి, చప్పట్లు కొట్టిస్తే, పదింటికి ఆవిడ ఛానల్ ఎందుకు తీస్తుంది?

ఉప్పల్‌లో స్టీలు సామాన్ల కొట్టు బయట, చిన్న మిషను ముందేసుకుని పేర్లు కొట్టే బిక్షపతి, బుచ్చిబాబు ఇచ్చిన చీటీ చదివాడు. "మంగతాయారు గారి గుర్తుగా. ఇట్లు, అభిమానులు."

"మేడం మీకేమయితది సార్?"

"నా భార్యండీ."

బిక్షపతి మిషను ఆపేశాడు. "ఎన్ని దినాలాయె సార్?"

"ఇవాళ్టికి తొమ్మిదో రోజు," అన్నాడు బుచ్చిబాబు, ఆవిడ మాట్లాడడం మానేసిన రోజు నుంచి వేళ్ళు మడిచి.

"అయ్యో! ఎట్లాయె?"

"ఏముందండీ, జనం మాటలు. పడలేకపోయింది. మార్కెట్ నుంచి వచ్చి పడుకుంది. అంతే. ఇక మాటా పలుకూ లేదు."

"దవాఖానకు తీస్కపోలేదా?"

"దీనికి ఏ డాక్టరు మందిస్తాడండీ? ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నట్టే ఉంటుంది, పక్కనే కూర్చున్నట్టే ఉంటుంది. ఒక్క మాట ఉండదు."

బిక్షపతి కళ్ళు తుడుచుకున్నాడు. "గట్లనే అనిపిస్తది సార్. మాగ్గూడ ఆర్నెల్లు గట్లనే అనిపిచ్చింది."

పాపం, ఇతని ఇంట్లోనూ ఇదే గొడవ కాబోలు అనుకున్నాడు బుచ్చిబాబు. ఆర్నెల్లు! తనది తొమ్మిది రోజులే. కొంచెం ధైర్యం వచ్చింది.

"ఆదివారానికి కావాలండీ. తొమ్మిదింటికి నాచారంలో మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో పదిమందినీ పిలిచి చేతిలో పెడదామని."

"పన్నెండో దినం. పద్ధతే సార్. మరి చీటీల ఉన్నట్టే కొట్టాల్నా, జర పద్ధతిగ కొట్టమంటరా?"

"పద్ధతిగానే కొట్టండి. మీకు తెలియందేముంది!"

"ఫికర్ జేయకుండ్రి సార్. ఇంత మంచి మనసు ఎవరికుంటది!"

శనివారం సాయంత్రం కొట్టు దగ్గరికి వెళ్ళేసరికి, మనిషికి నాలుగేసి లెక్కన యాభై గ్లాసులు పెట్టెలో సర్ది ఉన్నాయి. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయిన బుచ్చిబాబు ఒక గ్లాసు తీసి, చుక్కలు చుక్కలుగా ఉన్న అక్షరాల మీద బొటనవేలు పెట్టి రాసి చూశాడు. గరుకుగా, గట్టిగా ఉన్నాయి. తృప్తిపడి పెట్టెకి తాడు కట్టాడు.

ఆ గ్లాసుల మీద ఇలా ఉంది: "కీ.శే. మంగతాయారు గారి జ్ఞాపకార్థం."

బిక్షపతికి ఒక అలవాటుంది. బాగా కుదిరిన పనిని ఫోటో తీసి స్టేటస్ పెట్టుకుంటాడు. ఈసారి కింద ఆదివారం తొమ్మిదింటికి, నాచారంలో ఫలానా సెల్లార్‌లో అని కూడా రాశాడు. ఆ గిన్నెల కొట్టుకి సత్తమ్మ పాత ఖాతాదారు. స్టేటస్ చూసింది. ఏడుస్తూ లైవ్ పెట్టింది: "నా నోట్ల మన్ను వడ! పానకమని నేనే అంటి! నేనే సంపుకుంటి!" అంతే. నిన్నటిదాకా పానకం ఆంటీ అని వెక్కిరించిన నోళ్ళే అమ్మా, దేవతా అన్నాయి. మంగతాయారు అభిమానులు సత్తమ్మని హంతకురాలన్నారు. బతికున్నప్పుడు ఒక మంచి మాట రాయడానికి వేలు కదలనివాళ్ళు పోయిందనగానే పేజీలకి పేజీలు రాశారు. ఇవేవీ మంగతాయారుకి తెలియవు, ఆవిడ ఫోను తెరవడం లేదు కదా. బుచ్చిబాబుకీ తెలియవు. ఆయన ఫోను తెరిచేదే ఆవిడ వీడియోల కోసం.

ఆదివారం తొమ్మిదింటికి గ్లాసుల పెట్టె ఎత్తుకుని సెల్లార్‌లోకి దిగిన బుచ్చిబాబు కొయ్యబారిపోయాడు. పన్నెండుమందిని పిలిస్తే సెల్లార్ నుంచి గేటుదాకా నూటయాభైమంది! చేతుల్లో పూలదండలు! ఆయన గుండె పొంగింది. ఒక్కొక్కరూ వచ్చి మాట లేకుండా ఆయన చేయి నొక్కి పోతున్నారు.

"అరె, ఏడుస్తారేమిటండీ! ఇవాళ మనందరం సంతోషించాల్సిన రోజు!" అన్నాడు.

"మస్తు దెబ్బ తగిలింది పెద్దాయనకు," అని వెనకెవరో గొణిగారు.

టీషర్టులు తీసిన బ్యాచ్ కూడా వచ్చింది. పశ్చాత్తాపంతో పాత సరుకే వేసుకుని, "పానకం" అన్న మాట మీద నల్ల టేపు అంటించుకుని, ఒట్టి "ఆంటీ"లతో నిలబడ్డారు. వెంట ఒక పెద్ద ఫ్లెక్సీ తెచ్చి గేటు దగ్గర ఎత్తి పట్టుకున్నారు. ఫోటో ఎక్కడ దొరుకుతుంది? ఆవిడ వీడియో మీది బొమ్మే తీసేశారు. మంగతాయారు నోరు ఇంత తెరిచి, కళ్ళు గుండ్రంగా చేసి, గోంగూర గిన్నె వైపు వేలు చూపిస్తోంది. పైన "కన్నీటి శ్రద్ధాంజలి". కింద, చెరపడం మరిచిపోయిన అక్షరాలు: "ఇలా చేస్తే అస్సలు వదలరు!"

ఆ ఫ్లెక్సీ వైపు వీపు పెట్టి, బుచ్చిబాబు మొదటి గ్లాసు కింది ఫ్లాటు అన్నపూర్ణమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడకి చూపు చక్కగా ఆనుతుంది.

"బుచ్చిబాబుగారూ, కీర్తిశేషులేమిటండీ? ఇందాకే కదా మంగతాయారు బాల్కనీలో నా చీర మీద నీళ్ళోడే బట్టలారేసింది?"

బుచ్చిబాబు గ్లాసు లాక్కుని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి ఫ్లెక్సీ చూశాడు. పెట్టె అన్నపూర్ణమ్మ చేతుల్లో పడేసి మెట్ల మీద పరుగు తీశాడు.

మొదటి అంతస్తులో మంగతాయారు ఫోను తెరిచి, తీసెయ్యాలా అని అది అడుగుతుంటే, వేలు ఆనించబోతూ ఆగి ఉంది. కింద గోల చెవిన పడింది. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"ఎవరండీ పోయింది?"

"నువ్వేనే," అన్నాడు బుచ్చిబాబు రొప్పుతూ. "అంటే... గ్లాసులు... అభిమానులు నీకోసం..."

"అభిమానులంటే మీరొక్కరేగా! నాచారం అభిమాని! ఆరేళ్ళ నుంచీ అవే చప్పట్లు, అవే అచ్చుతప్పులు. తెలియదనుకున్నారా? ఏం చేశారు?"

ఆయన చెప్పేలోగా గేటు ముందు ఆటో ఆగింది. సత్తమ్మ దిగింది, జుట్టు విరబోసుకుని. ఫ్లెక్సీ ముందు కూలబడి శోకం ఎత్తుకుంది.

"ఓ నా మంగ వదినే... పులుసు కాడ పోరువెట్టుకొని పోతివా వదినే..."

"చెప్పొస్తాను," అని బుచ్చిబాబు కదిలాడు. మంగతాయారు ఆయన చొక్కా పట్టి ఆపింది.

"ఉండండి. కానివ్వండి."

"నా అసొంటి మూర్ఖురాలు లేదు వదినే... నీ చేతి గోంగూర నా చేతికి రాకపాయె వదినే... నలుగుట్ల పానకమంటి గని, ఇంట్ల తలుపేసుకొని బెల్లమేస్కుంటి వదినే... మా ఆయన రెండు గిన్నెలు తాగిండు వదినే..."

మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిజంగానే ఏడుస్తోందండీ, పిచ్చిది," అంది. ఆవిడ కళ్ళూ నిండాయి.

"అర చెంచ బెల్లమేస్తిని వదినే..."

మంగతాయారు ఇక తట్టుకోలేకపోయింది. బాల్కనీలోంచి సగం వంగి అరిచింది. "అరచెంచా ఏం సరిపోతుంది వదినా! నిమ్మకాయంత వెయ్యాలి!"

శోకం టక్కున ఆగింది. సత్తమ్మ చుట్టూ మూగిన నూటయాభై తలలు పైకి లేచాయి. ఫ్లెక్సీ పట్టుకున్న ఇద్దరు కుర్ర "ఆంటీ"లు దాన్ని వదిలేసి గేటు దాటారు.

"బతికే ఉన్నవా?" అంది సత్తమ్మ.

"ఉన్నాను."

"మల్ల నేనెందుకు ఏడుస్తున్న?"

"అదే నేనూ చూస్తున్నాను వదినా. బాగా ఏడుస్తున్నావు."

"దిగు కిందికి! ఇప్పుడు సంపుత నిన్ను!"

దిగింది. సత్తమ్మ నిజంగానే వీపు మీద ఒకటి వేసింది, ఆపైన మెడ పట్టుకుని విడవలేదు. చూడాల్సిన దృశ్యమే. కానీ జనం ముఖాలు మాడిపోయాయి. "డ్యూటీకి సెలవు వెట్టి వచ్చిన, గిట్ల మోసం జేస్తరా?" అన్నాడొకాయన దండ వెనక్కి లాక్కుంటూ. మధ్యాహ్నానికల్లా ఫోన్లలో కొత్త మాట పాకింది: చావు నాటకమాడి పేరు సంపాదించుకున్న ఆంటీలు. ఇన్నాళ్ళూ కొట్టుకున్న రెండు బ్యాచ్‌లూ మొదటిసారి ఒక్కటయ్యాయి, ఇద్దరినీ కలిపి తిట్టడానికి.

వదినలిద్దరూ పట్టించుకునే స్థితిలో లేరు. వచ్చినవాళ్ళని ఉత్త కడుపుతో పంపుతారా? అన్నపూర్ణమ్మ చింతపండు తెచ్చింది. ఒక గిన్నెలో బెల్లం, ఒక గిన్నెలో నువ్వులపొడి పడ్డాయి. కీర్తిశేషురాలే స్వయంగా తన జ్ఞాపకార్థం గ్లాసులో పులుసు పోసి ఇస్తుంటే కాదనలేక తాగారు, ఆపైన ఇంకో గ్లాసు అడిగారు. బుచ్చిబాబు పన్నెండు రోజుల తర్వాత అన్నం తిన్నాడు, రెండు పులుసులతోనూ, ఏది బాగుందో చెప్పకుండా.

ఆ సాయంత్రం ఫోనుని పప్పుడబ్బాకి ఆనించి, పక్కన సత్తమ్మని కూర్చోబెట్టుకుని, మంగతాయారు నాలుగువందల పదమూడో వీడియో పెట్టింది. "నేను బతికే ఉన్నానండీ," అని నవ్వుతూ చెప్పింది.

దాని కింద మొదటి కామెంటు: "ప్రూఫ్ ఏంది ఆంటీ?"