ఆకుపచ్చ పిందె మిస్టరీ

"బాలకిషన్! ఈ భూమ్మీద రెండు రకాల మనుషులుంటారు. నేరం చేసేవాళ్లు ఒక రకం. ఆ నేరాన్ని నా కంట పడకుండా దాచగలమని భ్రమపడే అమాయకులు రెండో రకం!"

ఈ మాటన్నది నా మిత్రుడు, డిటెక్టివ్ జగపతి రావు. అన్న చోటు జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గరున్న నా చీరల దుకాణం. ఆ సమయంలో అతని నోట్లో మిర్చి బజ్జీ ఉంది కాబట్టి సగం మాటలు నేనే పూరించుకున్నాను.

జగపతి రావుది కథలాపూర్ దగ్గరి దొరల కుటుంబం. పొలం కౌలుకిచ్చి, జగిత్యాలలో ఇల్లు కట్టుకుని, యాభయ్యో ఏట తనలో ఒక అపరాధ పరిశోధకుడున్నాడని కనిపెట్టాడు. ఇంతవరకు అతను కనిపెట్టింది అదొక్కటే. మామూలప్పుడు మా అందరిలాగే మాట్లాడతాడు గానీ, కేసు వాసన తగిలిందంటే పుస్తకాల భాషలోకి దిగిపోతాడు. డిగ్రీ కాలేజీలో ఇద్దరం ఒకే బెంచీ. ఆనాడే బెంచీ మారనందుకు ఈనాటికీ అనుభవిస్తున్నాను.

ఆ రోజు అతణ్ని నేనే పిలిచానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా ఇంట్లో చీర పోయింది.

చీరల దుకాణం వాడికి ఒక చీర పోతే ఏమిటని అనుకోకండి. అది అమ్మే చీర కాదు. మాది సిరిసిల్ల. మా నాయన రాజమల్లు చేతిమగ్గం మీద నేసిన ఆఖరి చీర అది. ఆ తర్వాత ఇంట్లోకి మరమగ్గాలు వచ్చేశాయి. గోధుమరంగు నూలు చీర, ఎర్రంచు, కొంగు నిండా ఎర్రటి మామిడి పిందెలు. నాయన ఆ కొంగు నేస్తుండగా ఎవరో పరుగెత్తుకొచ్చి నాకు కూతురు పుట్టిందని చెప్పారు. ఆ సంబరంలో ఎర్రదారం బదులు పచ్చదారం అందుకున్నాడు. ఒక్క పిందె ఆకుపచ్చగా పడింది. విప్పి సరిచేయమని అందరూ చెప్పినా వినలేదు. "ఉండనియ్యుండ్రి. గది నా మనుమరాలు పుట్టిన యాళ్ల," అన్నాడు.

ఆ మనుమరాలు రజితకు మర్నాడు పొద్దున కోరుట్లలో నిశ్చితార్థం. తల్లి లేని పిల్ల. తాత చీర తప్ప ఇంకోటి కట్టుకోనని పంతం పట్టి, మెహందీ పెట్టించుకోవడానికి ఆ పొద్దున్నే కోరుట్లలో ఉన్న మా చెల్లెలు ముత్తవ్వ ఇంటికి వెళ్లింది. మధ్యాహ్నం నన్ను కన్న అవ్వ లసుమవ్వ సామాను సర్దుదామని పెట్టె తీస్తే అందులో చీర లేదు.

"బిడ్డకు ఫోన్ చెయ్యకు కొడుకా," అంది అవ్వ, పెట్టె ముందు కూలబడి. "సంబురం పూట ఏడుస్తది. పొద్దుమీకే లోపల దొరుకుతదేమో చూడు. మీ నాయన చేతి బట్ట అదొక్కటే మిగిలింది."

అందుకని జగపతి రావు వచ్చాడు. వచ్చినప్పుడు ఎవరో అనుకున్నాను. గళ్ల లుంగీ, అంటించిన మీసం, నెత్తిన గంపంత తలపాగ.

"ఏందీ ఏషం?" అన్నాను.

"మారువేషం! ఇప్పుడు నేనొక మక్కల బేరగాణ్ని, మొక్కజొన్నలు కొనేవాణ్ని. కోరుట్ల మార్కెట్లో నన్ను నా నీడ కూడా గుర్తుపట్టదు."

"చీర పోయింది జగిత్యాలల గదా. కోరుట్లెందుకు?"

"పిచ్చివాడా! నేరస్థులెప్పుడూ డిటెక్టివ్ లేని ఊరికే పారిపోతారు," అని బజ్జీ కొరికాడు. సగం మీసం కూడా దాంతోపాటే నోట్లోకి పోయింది. దాన్ని బయటికి లాగి మళ్లీ అంటించుకుని, గల్లా మీదున్న ట్యాబ్ వైపు వేలు చూపించాడు. "అదేమిటి? సాక్ష్యమా?"

అది మా దుకాణం ట్యాబ్. రజిత అందులో ఏఐ యాప్ ఒకటి పెట్టింది. మన ఇంట్లో ఉన్న బట్టలకు ఫోటో తీసి, మన ఫోటో ఒకటి ఇస్తే, ఆ బట్టలు మనకు కట్టి చూపిస్తుంది. బీరువా తెరవక్కర్లేదు, మడత విప్పక్కర్లేదు. ఏ చీర మీదికి ఏ జాకెట్టని పది రోజులుగా ఇంట్లో ఉన్న ప్రతి బట్టనూ అందులోకి ఎక్కించింది. నా పెళ్లినాటి సఫారీని కూడా నాకు తొడిగి చూపించింది. బొత్తాలన్నీ హాయిగా పట్టాయి. అది అబద్ధాలు చెబుతుందని నాకప్పుడే తెలియాల్సింది.

జగపతి రావు ఒక్కో బొమ్మా జరుపుతూ జరుపుతూ చటుక్కున ఆగాడు.

మా చీరలో ఒక స్త్రీ నిలబడి ఉంది. సన్నగా, తెల్లగా, నున్నటి బుగ్గలతో పాతికేళ్ల దానిలా ఉంది. ఆమె ఒంటి మీద మా నూలు చీర కూడా పట్టులా ధగధగా మెరుస్తోంది.

"ఎవరీ సుందరి?" అన్నాడతను, కేసు సంగతి కాసేపు మరిచిపోయి.

"ఎక్కడ్నో చూసినట్టున్నది రావ్ సాబ్."

"నాకూ అలాగే ఉంది. నేరస్థుల ముఖాలన్నీ నాకు పరిచితమే కదా." అతని కళ్లు మెరిశాయి. "విను బాలకిషన్! మీ చీర తన ఒంటి మీద ఎలా ఉంటుందో ఒక పరాయి స్త్రీ ఎందుకు చూసుకుంటుంది? చూసుకుంది. నచ్చింది. ఎత్తుకుపోయింది. చూశావా, మూడు ముక్కల్లో తేల్చేశాను!"

నవ్వుకోవాల్సిన నేను నవ్వలేకపోయాను. భయంలో ఉన్నవాడికి ఏ మాటైనా నిజమే అనిపిస్తుంది.

"ఈ బొమ్మ కింద ఆదివారం తేదీ ఉంది. ఆదివారం మీ ఇంటికి ఎవరెవరు వచ్చారు?"

"ఇద్దరే. కోరుట్ల నుంచి పెండ్లికొడుకు చెల్లె అక్షిత అచ్చింది. ఇగ మన కౌసల్య వదిన."

"రెండో పేరు కొట్టేస్తున్నాను. ఆమె నా భార్య. ముప్పై ఏళ్లుగా చూస్తున్న ముఖం. ఈ బొమ్మలో ఉన్నది ఆమె కాదని కళ్లు మూసుకుని చెప్పగలను."

"కండ్లు తెరిసి చెప్పు."

"తెరిచి కూడా చెబుతున్నాను. కాదు! ఇక మిగిలింది అక్షిత."

"గా పిల్ల గిట్లుండదు గదా!"

"మేకప్!"

పెళ్లికొడుకు క్రాంతి బంగారంలాంటి పిల్లాడు. ఏరికోరి కుదుర్చుకున్న సంబంధం. వాళ్ల ఆడపిల్లను ఇతను దొంగ అన్నాడంటే రేపు నిశ్చితార్థం ఉండదు.

"రావ్ సాబ్, నీ కాళ్లు మొక్కుత. చీర దొరకకుంటె మానె. గా పిల్లను మాత్రం ఏమనకు."

"భయపడకు. సున్నితంగా విచారిస్తాను."

అతని సున్నితం నాకు తెలుసు. పోయినేడు పక్కింటి కోడి కనబడని కేసులోనూ ఇలాగే సున్నితంగా విచారించాడు. కోడి మూడోరోజు దానంతటదే ఇంటికొచ్చింది. ఆ ఇంటావిడ మాత్రం ఇప్పటికీ మాతో మాట్లాడదు.

అవ్వను సామానుతో ఆటో ఎక్కించి ముందు పంపించాను. ఇతణ్ని ఒంటరిగా వదిలితే కొంప మునుగుతుందని అతని స్కూటీ వెనక నేను కూర్చున్నాను. దారి పొడుగునా ఆ తలపాగ నా ముక్కుకు ఆనుకునే ఉంది. మేడిపల్లి దాటాక గుప్పున గంజి వాసన వచ్చింది. సిరిసిల్లలో పుట్టినవాణ్ని, గంజి వాసన తగిలితే నాకు మా నాయనే గుర్తొస్తాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎదురుగాలి అనుకుని తుడుచుకున్నాను. ఆ తర్వాత దారిలో కనబడిన ప్రతి ఆడమనిషి చీరనూ పట్టి పట్టి చూశాను, ట్యాబ్‌లో చూసిన మెరుపు ఎక్కడైనా ఉందేమోనని.

కోరుట్ల చేరేసరికి సాయంత్రం నాలుగు. ముత్తవ్వ వాకిట్లో టెంటు వేసి ఉంది. రజిత, తనకు తోడుగా పొద్దున్నే వచ్చిన కౌసల్య వదిన పక్కపక్కన కుర్చీల్లో కూర్చుని చేతులు చాచారు. అక్షిత కింద కూర్చుని శ్రద్ధగా మెహందీ పెడుతోంది. ఆ పక్కన పెళ్లికొడుకు తల్లి చాయ్ తాగుతోంది. అప్పుడే ఆటో దిగి వచ్చిన అవ్వ నన్ను చూసి కళ్లతోనే అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను.

నేను ఆపేలోపు జగపతి రావు నట్టనడుమకు వెళ్లి నిలబడ్డాడు.

"ఎవరూ కదలొద్దు!"

"మక్కలు మొన్ననే అమ్మినం. పో పో," అంది ముత్తవ్వ.

అతను మీసం పీకేశాడు. సగమే ఊడింది. "నేను మక్కల బేరగాణ్ని కాదు. డిటెక్టివ్ జగపతి రావు! అక్షితా, నీ ఆట కట్టింది. ఆ చీర మర్యాదగా బయటపెట్టు!"

అక్షిత చేతిలోని కోన్ జారి కింద పడింది. పెళ్లికొడుకు తల్లి చాయ్ గ్లాసు పక్కన పెట్టి లేచింది. "ఏందన్నా గిది?" అని నన్నే అడిగింది. "మా పిల్లను మీ ఇంటికి పంపితె దొంగతనం అంటగడ్తరా? గిదేనా మర్యాద? రేపటి ముచ్చట ఉంచుడా ఆపుడా ఇగ సోచాయించుకోవాలె."

రజిత ముఖం పాలిపోయింది. అవ్వ గోడ పట్టుకుని నిలబడింది. నా చేతులారా నా కూతురి సంబంధం చెడగొట్టానని నాకు ఏడుపొచ్చింది.

"ఆధారం లేకుండా నేను మాట్లాడను!" అని జగపతి రావు ట్యాబ్ పైకెత్తి చుట్టూ తిప్పి చూపించాడు. "ఎవరీమె? చెప్పండి!"

రజిత బొమ్మను చూసింది. జగపతి రావును చూసింది. ఆపుకోలేక పకపకా నవ్వింది.

"పెద్దబాపూ, గామె మన కౌసల్య పెద్దమ్మ! తాత చీర ఆమెకెట్లుంటదో చూద్దామని ఆదివారం నేనే ఫోటో తీసిన."

"అసంభవం!" అన్నాడు జగపతి రావు. "నా భార్య ఇట్లా ఉండదు. ఈమె అందగత్తె!"

కౌసల్య వదిన రెండు చేతుల మెహందీతో నెమ్మదిగా కుర్చీలోంచి లేచింది.

"మల్ల అను," అంది.

డిటెక్టివ్ పుస్తకాల భాష మరిచిపోయాడు. "అది గాదే... నేనన్నది ఏందంటె..." అంటూ ఒక్కో అడుగే వెనక్కి వేశాడు. మూడో అడుగు కింద పడి ఉన్న మెహందీ కోన్ మీద పడింది. కాలు జర్రున జారి వెల్లకిలా పడ్డాడు. తలపాగ ఊడి, దొర్లుకుంటూ, మడత మడతగా విప్పుకుంటూ పోయి అవ్వ కాళ్ల దగ్గర ఆగింది.

గోధుమరంగు నూలు. ఎర్రంచు. చివరన కొంగు.

అవ్వ కింద కూర్చుని కొంగు ఒళ్లోకి తీసుకుంది. వేలితో ఒక్కో పిందెనూ తడుముతూ పోయి ఒకచోట ఆగింది. ఆకుపచ్చ పిందె.

"గిదే కొడుకా," అంది. కొంగు ముఖానికి అద్దుకుని ఏడ్చింది. రజిత పరుగెత్తుకొచ్చింది గానీ చేతులకు మెహందీ ఉండటంతో ముట్టుకోలేక, వంగి చెంప ఆనించుకుంది.

"మొన్న గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించి, బాలన్న దుకాణంల ఇయ్యుమని కవర్ నీ చేతిల పెట్టలేదా?" అని అడిగింది వదిన మొగుణ్ని.

"నువ్వు కవర్ అన్నవు. చీర అన్లేదు," అన్నాడతను నేల మీద నుంచే. "పొద్దున డిక్కీల బట్ట కనపడ్డది. గంజి పెట్టిన బట్ట, తలపాగకు మంచిగ నిలబడ్డది."

"ఆదివారం గంజికని పెద్దమ్మకు నేనే ఇచ్చిన నాయినమ్మా," అంది రజిత. "తిరిగొచ్చి నీ పెట్టెల చేరిందనుకున్న."

జగపతి రావు లేచి లుంగీ దులుపుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. పుస్తకాల భాష తిరిగొచ్చింది. "అంతా నేననుకున్నట్టే జరిగింది. ఆ చీరకు ఈ జిల్లాలోకెల్లా భద్రమైన చోటేది? నా తల!"

"నిజమే," అంది ముత్తవ్వ. "అండ్ల మస్తు జాగ ఖాళీ ఉంటది."

ముందుగా నవ్వింది అక్షిత. ఆ పిల్ల నవ్వడం చూసి తల్లి కూడా నవ్వి, మళ్లీ చాయ్ గ్లాసు అందుకుంది. జగపతి రావు ఇద్దరికీ చేతులు జోడించాడు. నా ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు అవ్వ ట్యాబ్ అడిగి తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది. "గీండ్ల అన్నీ ఎర్రగనే ఉన్నయేందే? నా పచ్చ పిందె ఏది?"

"తప్పనుకొని యాప్ సరిచేసింది నాయినమ్మా."

నేనూ చూశాను. పచ్చ పిందె లేదు. వదిన ఎడమ చెంప మీది పుట్టుమచ్చ కూడా లేదు.

"గిట్ల అన్నీ తీసేస్తె మనిషిని ఎట్ల గుర్తువడ్తరు బిడ్డా?" అంది అవ్వ.

నాకు తల కొట్టేసినట్టయింది. జగపతి రావును చూసి నవ్వే హక్కు నాకెక్కడిది? చీరల దుకాణం నడిపేవాణ్ని, నేతగాడి కొడుకును, మా నాయన చీరకు ముక్కు ఆనించి జగిత్యాల నుంచి కోరుట్ల దాకా వచ్చాను. ముక్కు వాసన గుర్తుపట్టింది గానీ నా కళ్లు మెరుపుల వెంట తిరిగాయి.

మర్నాడు నిశ్చితార్థంలో రజిత ఆ చీరే కట్టుకుంది. వదిన ఎంత ఇస్త్రీ చేసినా తలపాగ మెలికలు పూర్తిగా పోలేదు. ఆకుపచ్చ పిందె సరిగ్గా భుజం మీదికి వచ్చేలా అవ్వ దగ్గరుండి కొంగు సర్దింది. ఫోటోగ్రాఫర్ కెమెరాలోకి చూసి, "చీర మీద పచ్చ మరకేదో ఉంది మేడమ్. పర్వాలేదు, ఎడిటింగుల తీసేస్త," అన్నాడు.

"ఒద్దు!" అని అందరం ఒక్కసారే అరిచాం. అందరికన్నా గట్టిగా అరిచింది జగపతి రావే. అంతటితో ఆగక ఫోటోగ్రాఫర్‌ను పక్కకు పిలిచి, కౌసల్య వదిన వైపు భయంభయంగా చూస్తూ గొంతు తగ్గించాడు.

"తమ్మీ, మా ఆమె చెంప మీది మచ్చ గూడ తియ్యకు. మల్ల గుర్తువట్టకపోతే నాకు ఇంట్ల బువ్వ దొరకది."