శేరు మీది గోపురం

మానవజాతి వేల ఏళ్లుగా చేస్తూ వచ్చిన ఘోరమైన పొరపాటు, జొన్నలను తినేముందు వాటి సాంద్రత తెలుసుకోకపోవడం. దేశానికి కిలోలు, లీటర్లు వచ్చిన 1962వ సంవత్సరంలో జహీరాబాద్ వైపు ఆ పొరపాటును సరిదిద్దారు.

అంతవరకు మా దగ్గర కూలి శేర్లలో ముట్టేది. శేరంటే తూకం కాదు, ఇనుప కొలపాత్ర. రోజంతా కలుపు తీసిన మనిషికి రెండు శేర్ల జొన్నలు. అదీ అంచుదాకా నింపి ఊరుకుంటే కుదరదు. పైన గోపురంలా నిలిచి, గింజ జారిపోయేదాకా పోయాలి. గోపురం దగ్గర చెయ్యి బిగబట్టిన రైతు పొలానికి మర్నాడు ఎవరూ పోయేవారు కాదు. (చట్టం లేకుండానే సజావుగా నడిచేది కాబట్టి, ఇది వెనుకబాటుతనమని తేలింది.)

శేరును కిలోల్లోకి మార్చడానికి ఘనపరిమాణ సహాయాధికారి మదన్‌మోహన్‌గారు దయచేశారు. పాత్ర ఘనపరిమాణాన్ని గింజల సాంద్రతతో గుణిస్తే బరువు వస్తుందని చావడి ముందు ఉపన్యసించారు. లెక్క నిజమే. ఇక కావలసింది నమూనా జొన్నలు. వాటిని ఊరి పెద్ద రైతు మహాదేవప్ప పటేల్ ఎంతో ఉదారంగా తన పాతర అడుగు నుంచి తీయించాడు.

ఆయన పొలంలో కూలిచేసే ఎల్లమ్మ గుప్పెడు తీసుకుని ఊదింది. సగం ఎగిరిపోయాయి.

"గివి పుచ్చు జొన్నలు సారూ. లోపల పిండే లేదు."

"సాంద్రత ఉందా, లేదా?" అన్నారు అధికారి.

ఉంది. కాస్త తక్కువగా ఉంది, అంతే.

తరవాత గోపురం విచారణకు వచ్చింది. అది శంకువు అని అధికారి వెంటనే గుర్తుపట్టారు. కాని ఒకరు పోస్తే ఒక ఎత్తు, ఇంకొకరు పోస్తే మరో ఎత్తు వచ్చింది. స్థిరమైన ఎత్తు లేని శంకువును ప్రభుత్వం గుర్తించజాలదు. పైగా అది పాత్రకు వెలుపల ఉంది. కనుక కర్రబద్దతో అంచుకు సమంగా గీసేశారు. (రాలిన గింజలు లెక్కలోకి రావు కనుక పటేల్ బస్తాలోకి వెళ్లాయి.) మిగిలిన పుచ్చు జొన్నలను తూచి, ఇకమీదట శేరు బరువు ఇదేనని ప్రకటించారు.

మర్నాటినుంచి పటేల్ కూలికి గట్టి జొన్నలే ఇచ్చాడు. గట్టి గింజ బరువు కదా, ఆ తూకానికి శేరు అంచు దాకా కూడా రాలేదు. అలిగి వేరే పొలానికి పోదామంటే, కోహీర్ నుంచి న్యాల్‌కల్ దాకా రైతులందరికీ సైన్సు మీద ఒకేసారి గౌరవం పుట్టింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎల్లమ్మ మంచాన పడ్డ అత్తకు పెట్టే రొట్టె ఆ గోపురంలోంచే వచ్చేది.

ఆమె మళ్లీ అధికారి దగ్గరికి వెళ్లింది.

"మీ కిలోలు మంచియే కావచ్చు సారూ. మా అత్త కడుపు ఇంకా పాత శేరు మీదనే ఉన్నది. ఏం జెయ్యమంటరు?"

మదన్‌మోహన్‌గారు సానుభూతితో విన్నారు. గడువు దాటాక పాత కొలతలు దగ్గర ఉంచుకోవడం శిక్షార్హమని వివరించి, ముసలితనం దృష్ట్యా అత్తను ఈసారికి మందలించి వదిలేశారు.