డ్రైవరు ఆఖర్న దిగాలి

ఇన్‌కోంజానే పరుగు సంఘం సభ్యులకూ శ్రేయోభిలాషులకూ తెలియజేయునది ఏమనగా, ఈ ఏటి మారిట్జ్‌బర్గ్ జట్ల పరుగు పందెంలో మన సంఘం ఘనమైన నైతిక విజయం సాధించింది. బహుమతి డాలు మాత్రం గూడ్స్‌షెడ్ సంఘం వారు పట్టుకెళ్ళారు. డాలుదేముంది, ఇత్తడిది.

కిందటేడు పై ప్రకటన రాసింది నేనే. నా పేరు రాజెన్ అప్పల్సామి. సంఘానికి గౌరవ ప్రచార కార్యదర్శిని. మా ముత్తాత చెరుకు నరకడానికి ఓడెక్కి ఈ దేశం వచ్చి, మేస్త్రీ తరిమితే పరుగెత్తేవాడట. నేను ఆదివారం ఆదివారం తెల్లవారకముందే లేచి, ఎవరూ తరమకుండానే పరుగెత్తుతున్నాను. దీన్నే అభివృద్ధి అంటారు.

పందెం నియమం చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. జట్టుకి నలుగురు. నలుగురూ గీత దాటాలి. నాలుగో మనిషి దాటిన సమయమే జట్టు సమయం. మొదటి ముగ్గురూ గాలిలా వచ్చినా, గాలికి కొట్టుకొచ్చినా ఒకటే. బలహీనుణ్ణి వెనకొదిలి బలవంతులు పారిపోకూడదని ఎవరో మంచి మనసుతో పెట్టిన నియమం ఇది. మా ఊరి సంఘాలు దాన్ని మరింత లోతుగా అర్థం చేసుకున్నాయి. లెక్కకొచ్చేది నాలుగో మనిషి కాబట్టి నాలుగో స్థానం ముఖ్యమైనది. ముఖ్యమైన స్థానం అధ్యక్షుడికి దక్కాలి. కనుక మా ఊళ్ళో ప్రతి జట్టులోనూ ముగ్గురు కుర్రవాళ్ళు చెమటోడ్చి వచ్చి గీత దగ్గర నిలబడి, తమ అధ్యక్షులవారి రాక కోసం రోడ్డు వంక చూస్తూ ఉంటారు. ఈ ఏర్పాటు సక్రమమేనా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగేవాళ్ళని జట్టులోకి తీసుకోరు.

గూడ్స్‌షెడ్ వారు ఒకప్పుడు మావాళ్ళే. పందేల దగ్గర వేసే డేరా మూతి ఎండవైపు ఉండాలా, రోడ్డువైపు ఉండాలా అన్న సిద్ధాంత విభేదంతో విడిపోయారు. వారి అధ్యక్షుడు కోబస్ స్ట్రైడమ్ బొద్దుగా ఉన్నా పట్టుదల గల మనిషి. ఏటా మా అధ్యక్షుడి కంటే కాస్త ముందు వచ్చి డాలు తీసుకుంటాడు.

మా అధ్యక్షులు బెకుముజీ మ్‌చూను గారి సంగతి వేరు. ఆయన బస్సు డ్రైవరు. ఈ బస్సుకి చక్రాలుండవు. దూరపు పరుగుల్లో సొంత కాళ్ళ మీద గడువులోగా చేరలేమని తెలిసినవాళ్ళంతా ఒక అనుభవజ్ఞుడి వెనక గుంపుగా చేరతారు. ఆయన పరుగెత్తమంటే పరుగెత్తుతారు, నడవమంటే నడుస్తారు, పాడమంటే పాడతారు. అదీ బస్సు. డ్రైవర్ని ఎవరూ దాటకూడదు. దారిలో కూలబడ్డవాణ్ణి డ్రైవరు వదలకూడదు. గీత దగ్గర పక్కకి తప్పుకుని, ప్రయాణికులందరినీ ముందు దాటించి, డ్రైవరు ఆఖర్న దిగాలి.

జూన్‌లో జరిగే పెద్ద పరుగులోనూ, మా ఊరి పందెంలోనూ గడువు ముగియగానే ఒక పెద్దమనిషి తుపాకీ పేలుస్తాడు. పరుగెత్తి వచ్చేవాళ్ళ మొహాలు చూస్తే జాలి కలుగుతుందని ఆయన్ని వీపు తిప్పి నిలబెడతారు. ఆయన చెయ్యి పైకెత్తే వేళకి మ్‌చూను గారి బస్సు వస్తుంది. ఏనాడూ ఆలస్యం కాలేదు, ఏనాడూ ముందు రాలేదు. "ముందొచ్చి ఏం చేస్తాం? అక్కడ కూచోడానికి కుర్చీలైనా ఉండవు" అంటారాయన. మా సంఘంలో సగం మంది మెళ్ళో ఉన్న పతకాలు ఆయన పెట్టిన భిక్షే. నావి కూడా.

ఇలాంటి ప్రశాంత వాతావరణంలో జిబుయిలే అనే పిల్ల మా సంఘంలో చేరింది. తెల్లవారుజామున బేకరీలో రొట్టెలు కాల్చి, పని దిగాక కొండెక్కి దిగి ఇంటికి పరుగెత్తే పిల్ల. ఆమె వేగం గురించి మేం తరచు బాధపడేవాళ్ళం. ఆమెకి ఒకటే కోరిక. మా ఊరి పందెంలో గెలిచిన జట్టే డర్బన్‌లో జరిగే రాష్ట్ర పోటీకి వెళుతుంది. ఆ పోటీలో పరుగెత్తాలి. మూడేళ్ళుగా మా ఊళ్ళో ఆడా మగా అందరికంటే ముందు గీత దాటుతోంది. మూడేళ్ళుగా గీత దగ్గర నిలబడి రోడ్డు వంక చూస్తోంది.

పై ప్రకటన నాటి పందేనికి ముందు ఒక ఆదివారం, డేరా పక్కన నిప్పుల మీద సాసేజీలు కాలుతుండగా ఆమె ఆ విషయం ఎత్తింది.

"బాబా, ఒక మాట. ఈసారి నాలుగో చోటు మన కుర్రాడు లిండానికి ఇద్దాం. వాడు బాగా పరుగెడుతున్నాడు."

అధ్యక్షులవారు సాసేజీని రెండో వైపు తిప్పారు. "ఇద్దాం తల్లీ, తప్పకుండా ఇద్దాం. నేను పోయాక."

"అయ్యో, మిమ్మల్ని పొమ్మన్లేదు బాబా. ఒక్క పందేనికి పక్కన కూచోమంటున్నా."

"నా వయసులో కూచోడం, పోవడం రెండూ ఒకటేనే పిచ్చిదానా!"

అందరం నవ్వాం. జిబుయిలే నవ్వలేదు. తరవాత కార్యదర్శి షిరీన్ ఆంటీ ఆమెని నీళ్ళ డబ్బాల వెనక్కి తీసుకెళ్ళి, "నువ్వన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. నేనన్నానని మాత్రం ఎక్కడా అనకు" అంది. ఆ తరవాత ఒక్కొక్కరే నీళ్ళ డబ్బాల వెనక్కి వెళ్ళి అదే మాట చెప్పి వచ్చారు. నేను వెళ్ళేసరికి అక్కడ వరుస ఉంది.

"అంకుల్, బాబా ఎప్పుడూ గడువుకి సరిగ్గా వస్తారు కదా?" అని అడిగింది నన్ను.

"ఆయన్ని చూసి గడియారాలు దిద్దుకుంటారమ్మా."

"మరి గడువే ముందుకి జరిగితే?"

ఆ పిల్ల బుర్రకి నేను ఆశ్చర్యపోయాను. మర్నాడే వెళ్ళి ఆయనతో, "ఈసారి తుపాకీ పావుగంట ముందే పేలుస్తారట బాబా. ఊళ్ళో ఏదో ఊరేగింపు ఉందట" అని చెప్పింది. మ్‌చూను గారు ప్రకటనలు చదవరు. సమయపట్టిక చదువుకోవలసింది ప్రయాణికులని ఆయన అభిప్రాయం. నిజమేనా అని నన్నడిగారు. ప్రచార కార్యదర్శి హోదాలో నేను ధ్రువీకరించాను. జరగని వాటిని ధ్రువీకరించడం నా పదవికి కొత్త కాదు.

ఆయన మొహం వాడిపోయింది. "పాపం, ప్రయాణికులు! వాళ్ళనెలా చేర్చను?" అన్నారు. తన గురించి ఒక్క ముక్క అనలేదు. ఆ రోజు నుంచి సాసేజీ మానేశారు. సాయంకాలాలు ఒంటరిగా స్మశానం మెట్ట ఎక్కుతూ కనిపించారు. అధ్యక్షుడు సాధన చేయడం సంఘ చరిత్రలో అదే మొదటిసారి గనక ఏమైనా జబ్బు చేసిందేమోనని రెండు కుటుంబాలవారు పళ్ళు పట్టుకుని చూడ్డానికి వెళ్ళారు.

పందెం రోజు బస్సు బాణంలా బయల్దేరింది. నా చోటు వెనకసీట్లో. జట్లలో చోటు లేకపోయినా పరుగెత్తొచ్చు కనుక, అన్ని సంఘాలవాళ్ళూ, ఏ సంఘమూ లేనివాళ్ళూ ఎప్పటిలాగే ఎక్కారు. "ఎవరు దిగుతారూ?" అని డ్రైవరు పాట ఎత్తుకుంటే "ఎవ్వరం దిగం!" అని మేం అందుకోవాలి. మొదటి మలుపు దాటేసరికి అందుకోవడానికి ఊపిరి లేదు.

"బాబా, ఇది బస్సా, విమానమా?" అని ఎవరో ఏడ్చారు.

"మాట్లాడకండి, తుపాకీ ఆగదు!" అన్నారాయన, నీళ్ళ ప్యాకెట్ పళ్ళతో చించి నెత్తిన పిండుకుంటూ.

స్మశానం మెట్ట మొదట్లో కోబస్ స్ట్రైడమ్ వెనక్కి తిరిగి చూశాడు. అతనికి మా బస్సు ఏటా ఒక చుక్కలా కనిపించేది. ఈసారి డ్రైవరు మీసాలతో సహా కనిపించేసరికి పాపం బెదిరిపోయాడు. ఎగువకి పరుగు లంకించుకున్నాడు. సగం మెట్ట ఎక్కాడో లేదో పిక్క పట్టేసి రోడ్డు వార కూలబడ్డాడు. పక్కనుంచి పోతే డాలు మాది. పోవడానికి ఏ బుద్ధీ అక్కర్లేదు, కాళ్ళుంటే చాలు.

మ్‌చూను గారు చెయ్యెత్తారు. బస్సు ఆగింది.

"ఏం కోబస్, ఇక్కడే కాపురం పెట్టేశావా?"

"పిక్క పట్టేసింది బెకీ. నువ్వు పో."

"పోవడమేంటయ్యా! నా బస్సు ఎవర్నీ రోడ్డు మీద వదిలేసి పోదు. లే, ఎక్కు."

"నేను నీ మీద పోటీకొచ్చినవాణ్ణి రా నాయనా!"

"నా బస్సులో పోటీదార్లుండరు, ప్రయాణికులే. అప్పల్సామీ, అలా చూస్తావేం? ఆయన చంక కింద చెయ్యి వెయ్యి."

వేశాను. ఆ క్షణంలో ఆయన మీద నాకు నిజమైన గౌరవం కలిగింది. ఎగతాళికి అంటున్నది కాదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆయన చెడ్డవాడైతే మా సంఘం ఎప్పుడో బాగుపడేది.

మెట్ట దిగి తిన్నటి రోడ్డు మీదికి వచ్చాం. గీత దగ్గర మా ముగ్గురూ, గూడ్స్‌షెడ్ వారి ముగ్గురూ ఒకే దిక్కు చూస్తూ నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి జిబుయిలే గాల్లోకి ఎగిరింది.

"బాబా! దాటెయ్యండి బాబా! దాటెయ్యండి!"

గీతకి ఒక్క అడుగు దూరంలో మ్‌చూను గారు ఆగారు. పక్కకి తప్పుకున్నారు. మా వైపు తిరిగి, పెళ్ళివిందు దగ్గర పెళ్ళికూతురి తండ్రిలా చెయ్యి చాచి దారి చూపించారు. ప్రయాణికులు ఒక్కొక్కరే ఆయన చెయ్యి కలిపి, దండం పెట్టి, గీత దాటుతున్నారు. కోబస్ వంతు వచ్చింది. అతనికే మొహమాటం వేసింది.

"నువ్వు ముందు దాటు బెకీ. నీకు పుణ్యముంటుంది."

"తప్పు కోబస్. డ్రైవరు ఆఖర్న దిగాలి."

కోబస్ దాటాడు. అటువైపు గూడ్స్‌షెడ్ వారు ఈలలు వేశారు. తరవాత నేను దాటాను. అందరూ అయ్యాక అధ్యక్షులవారు తల పైకెత్తి గడియారం చూశారు. తుపాకీ పెద్దమనిషి ఇంకా వీపైనా తిప్పలేదు, బోలెడంత వ్యవధి ఉంది. "అరెరే, ముందొచ్చేశామే!" అని ఎంతో నొచ్చుకుని గీత దాటారు.

జనం చప్పట్లతో రోడ్డు దద్దరిల్లింది. శత్రువుని మోసుకొచ్చిన మహనీయుడని మైకులో చెప్పారు. జిబుయిలే నేల మీద కూచుని బూట్లు విప్పుకుంటోంది.

"అంకుల్, మీరైనా ఆయన్ని ఒక్క తోపు తొయ్యొచ్చు కదా!"

"డ్రైవర్ని దాటకూడదనే ఉందమ్మా. తొయ్యొచ్చని నియమాల్లో ఎక్కడా లేదు" అన్నాను. ఆమె నా వంక చూసిన చూపు గురించి ప్రకటనలో రాయలేదు.

ఆ సాయంకాలం డేరా కింద అభినందన సభ జరిగింది. "గెలుపు ఒక్కరిది, చేరడం అందరిది" అని మ్‌చూను గారు ఉపన్యసించారు. జిబుయిలే లేచి నిలబడింది.

"నీళ్ళ డబ్బాల వెనక నాతో చెప్పిన మాట ఇప్పుడు ఇక్కడ చెప్పండి. ఒక్కరు చెప్పినా చాలు, నేనుంటాను."

షిరీన్ ఆంటీ కాఫీలో చక్కెర వేసుకుంది. అదివరకే రెండుసార్లు వేసుకుంది. కుర్రాడు లిండాని తన బూటు తాడు ముడి విప్పి మళ్ళీ ముడి వేశాడు. జూన్ పెద్ద పరుగు దగ్గర పడుతోంది. రాష్ట్ర పోటీ జిబుయిలేకి కావాలి. తుపాకీ పేలకముందు గీత చేరడం మాకందరికీ కావాలి. చేర్చేది ఎవరో అందరికీ తెలుసు. నేను సభ వివరాలు రాసుకుంటూ కూచున్నాను. ఆ పిల్ల సంఘం బనీను చక్కగా మడిచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఈతరం పిల్లల్లో జట్టు స్ఫూర్తి కొరవడుతోందని సభ ముక్తకంఠంతో విచారం వెలిబుచ్చింది.

ఆమె డర్బన్‌లో ఒక సంఘంలో చేరిందని తరవాత విన్నాం. అక్కడి అధ్యక్షుడు మోకాళ్ళ నొప్పులతో ఇల్లు కదలడట. వాళ్ళ ప్రగతికి అదే రహస్యమంటారు. మరుసటి ఏడు రాష్ట్ర పోటీలో ఆమె మొదటి స్థానంలో వచ్చింది.

ఆ కబురు తెలిసిన గంటలోనే మా డేరాకి "మా ముద్దుబిడ్డ" అని బ్యానరు కట్టాం. సన్మానం ఏర్పాటు చేశాం. రమ్మని ఫోన్ చేస్తే, "ఆ రోజు నాకు పరుగుంది అంకుల్" అని పెట్టేసింది. సన్మాన గ్రహీత రాకపోయినా సన్మానం ఆగదు కనుక, ఆమె తరఫున జ్ఞాపికని అధ్యక్షులవారే స్వీకరించారు. ఆ పిల్లకి సహనం నేర్పింది మన బస్సేనని ఆయన సెలవిచ్చినప్పుడు మేమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. ముందు ఎవరు ఆపుతారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చాలాసేపు కొట్టాం. ఇది చదివి మమ్మల్ని చూసి నవ్వుకుంటున్న వారు, తమ ఆఫీసులో కిందటి సన్మానానికి ఎంతసేపు చప్పట్లు కొట్టారో, ఎవరి మొహం చూసి ఆపారో ఒక్కసారి గుర్తు చేసుకోవలసిందిగా మనవి.